ల్యాప్‌టాప్‌కి వైరస్ పట్టిందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇది చదవండి

రుమైథియాలో ఇళ్లలో డ్రైవర్లుగా, వంటవాళ్లుగా పనిచేసే మనవాళ్లు కొందరి దగ్గర పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంటుంది. సినిమాలు చూడ్డానికో, ఊళ్లో పిల్లలతో మాట్లాడ్డానికో కొన్నదే కానీ, మెల్లగా అది మీ బీరువా అయిపోతుంది. పాస్‌పోర్ట్ కాపీ, అకామా, బతాకా, కాంట్రాక్ట్, డబ్బు పంపిన రసీదులు, జీతం గురించి సేటుతో నడిచిన వాట్సాప్ మెసేజీలు అన్నీ అందులోనే. పాస్‌పోర్ట్ పోతే ఎంబసీలో మళ్లీ తీసుకోవచ్చు, ఆధార్ డిజిలాకర్‌లో దొరుకుతుంది. జీతం ఇవ్వలేదని కేసు పెట్టిన రోజు చూపించాల్సిన రుజువులు మాత్రం పోతే మళ్లీ ఎవరూ ఇవ్వరు.

వైరస్ అనుమానం వస్తే ముందు వైఫై ఆపేసి ల్యాప్‌టాప్ ఆఫ్ చేయండి. ఫైళ్లు కనబడటం లేదని కంగారుపడి మళ్లీ మళ్లీ ఆన్ చేయొద్దు. పెన్‌డ్రైవ్ అసలే పెట్టొద్దు, వైరస్ దానికీ ఎక్కుతుంది. ఇంకో మాట. ఆ డ్రైవ్‌ని సేటు ఇంట్లో కంప్యూటర్‌కి తగిలించి కాపీ చేసుకుందామని అస్సలు అనుకోవద్దు. వాళ్ల కంప్యూటర్ పాడైతే నింద మీ మీదికే వస్తుంది. పోయిన ఫైళ్ల కంటే అది పెద్ద తలనొప్పి.

ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోతే అంతా పోయిందని ఏడవక్కర్లేదు. ఈ రకం వైరస్ ఎక్కువగా ఫైళ్లను చెరపదు. వాటిని దాచేసి, అదే పేరుతో దొంగ షార్ట్‌కట్ పెడుతుంది. దాని మీద నొక్కితే వైరస్ నడుస్తుంది. అందుకే నొక్కకుండా బయటికి తీయాలి.

దానికి మంచి దారి విండోస్‌ని లేపకుండానే డ్రైవ్ చదవడం. వైరస్ లేని ఇంకో కంప్యూటర్‌లో, తెలిసిన ఫ్రెండ్‌దైనా సరే, 16 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఉబుంటు ఎక్కించండి. ఆ పెన్‌డ్రైవ్‌లో ముందున్నదంతా పోతుంది, కాబట్టి ఖాళీది తీసుకోండి. దాన్ని మీ ల్యాప్‌టాప్‌కి పెట్టి, ఆన్ చేయగానే ఎఫ్12 గానీ ఎఫ్9 గానీ ఎస్కేప్ గానీ నొక్కితే (కంపెనీని బట్టి మారుతుంది) దేని నుంచి మొదలవ్వాలో అడుగుతుంది. పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. తర్వాత 'ట్రై ఉబుంటు' అన్నదే నొక్కాలి. 'ఇన్‌స్టాల్' దారిలో ముందుకెళ్తే మొత్తం డ్రైవ్ తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఉంది. విండోస్ వైరస్ ఉబుంటులో మామూలుగా నడవదు, విండోస్‌లో దాచిన ఫోల్డర్లూ ఇక్కడ కనిపిస్తాయి. ఒక్కోసారి అసలు ఫైళ్లన్నీ పేరు లేని ఫోల్డర్‌లో ఉంటాయి, అది కూడా తెరిచి చూడండి. డ్రైవ్ తెరవడానికి బిట్‌లాకర్ కీ అడిగితే, అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఫోన్‌లో లాగిన్ అయి చూడండి.

ఇప్పుడు కొత్త ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెట్టి కాపీ చేయండి. ఫోటోలు, వీడియోలు, పీడీఎఫ్‌లు, వర్డ్, ఎక్సెల్ కాగితాలు మాత్రమే. చివర ఈఎక్స్ఈ, బ్యాట్, వీబీఎస్, ఎస్‌సీఆర్, ఎల్‌ఎన్‌కే అని ఉన్నవి వదిలేయండి. ఫోటో పేరు పెట్టుకుని చివర ఈఎక్స్ఈ ఉన్న ఫైలు ఫోటో కాదు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ కూడా వద్దు, చాలాసార్లు వైరస్ వచ్చేదే దాని నుంచి. కాపీ అయ్యాక ఆ డ్రైవ్‌ని అప్‌డేట్ అయిన యాంటీవైరస్‌తో స్కాన్ చేశాకే ఫైళ్లు తెరవండి. ఆన్‌లైన్‌లో ఉచితంగా పరీక్షించే సైట్లకి పాస్‌పోర్ట్, అకామా కాపీలు ఎక్కించొద్దు. అక్కడ వేసిన ఫైలు వేరేవాళ్ల చేతికీ వెళ్లొచ్చు.

ఫైళ్ల పేర్ల చివర వింత అక్షరాలు చేరి, డబ్బు కట్టమని నోట్ కనిపిస్తే అది రాన్సమ్‌వేర్. 2017 మేలో వాన్నాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లే దాని బారిన పడ్డాయి, మనమెంత? డబ్బు కట్టొద్దు. కట్టినా ఫైళ్లు వస్తాయన్న గ్యారంటీ లేదు. యూరోపోల్, డచ్ పోలీసులు కొన్ని కంపెనీలతో కలిసి 2016లో పెట్టిన 'నో మోర్ రాన్సమ్' సైట్‌లో కొన్ని రకాలకు ఉచిత తాళంచెవులు దొరుకుతాయి. అన్నిటికీ ఉండవు. ఈరోజు దొరకకపోయినా తాళం పడ్డ ఫైళ్లను పారేయకుండా దాచండి, తర్వాత ఎప్పుడైనా రావచ్చు.

ఇదంతా మన వల్ల కాదనుకుంటే సెలవు రోజు చూసుకుని హవల్లి వెళ్లండి, ఇబ్న్ ఖల్దూన్ వీధిలో కంప్యూటర్ షాపులు బోలెడు. ముందే స్పష్టంగా చెప్పండి: ఫార్మాట్ వద్దు, మొదట డేటా తీయాలి, ఎంత అవుతుందో ఇప్పుడే చెప్పు అని. ల్యాప్‌టాప్ వదిలేసి రావద్దు, పక్కనే కూర్చోండి. అందులో ఇంట్లో ఆడవాళ్ల ఫోటోలు, మీ బ్యాంకు కాగితాలు ఉన్నాయి కదా. డ్రైవ్ లోపల టక్ టక్ అని శబ్దం వస్తుంటే అది వైరస్ కాదు, డ్రైవే పోతోంది. వెంటనే ఆపేసి, డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వండి.

ఫైళ్లు చేతికి వచ్చాక ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయించుకోవచ్చు. అంతకు ముందే జీమెయిల్, బ్యాంకు, ఫేస్‌బుక్ పాస్‌వర్డ్‌లు ఫోన్‌లోంచి మార్చేయండి, ఆ ల్యాప్‌టాప్‌లోంచి కాదు. కాంట్రాక్ట్, జీతం రుజువులు ఒక కాపీ ఊళ్లో ఇంట్లోవాళ్లకి కూడా పంపి ఉంచండి.