పద్నాలుగు మీటల ఏటూరునాగారం

ఏటూరునాగారం అన్న పేరులో కంటికి కనిపించే అక్షరాలు 6. యూనికోడులో ఆ పేరును దాచడానికి పట్టే సంకేతాలు 11. ఆంగ్ల మీటలపలక మీద ఆర్‌టీఎస్ పద్ధతిలో దానిని టైపు చేయడానికి నొక్కవలసిన మీటలు 14. పదకొండు సంకేతాలను ఆరు అక్షరాలుగా తెరమీద పేర్చేది ఖతి, దానిని నడిపించే ఆపరేటింగ్ సిస్టం. అది వేరే కథ. పద్నాలుగు మీటలను పదకొండు సంకేతాలుగా మార్చిన కథ మాత్రం జావాస్క్రిప్టుది. తెలుగు జాలచరిత్ర రాసేవారు ఖతుల గురించి, పత్రికల గురించి చెప్పినంతగా ఈ చిన్న ప్రోగ్రాముల గురించి చెప్పరు. అందుకే ఈ టపా.

ఉదాహరణకు ఈ ఊరే ఎందుకంటారా? వరంగల్లుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, గోదావరి చెంతన, అభయారణ్యం నడుమ ఉన్న మండలకేంద్రమిది. పాత వరంగల్లు జిల్లాలోనిది. 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు, 2019లో ములుగు జిల్లాకు మారింది. ఆంగ్లంలో రాసిన బోర్డు మీద ఈ పేరును చూసిన పరాయివాడు ‘ఎతుర్నగరం’ అని చదివితే అతనిని తప్పు పట్టలేము. ‘ఎ’కూ ‘ఏ’కూ, ‘ట’కూ ‘త’కూ, ‘న’కూ ‘నా’కూ ఆ రాతలో భేదమే లేదు. రోమను లిపిలో తెలుగు రాయవలసి వచ్చినప్పుడు మన భాష పోగొట్టుకొనేదంతా ఈ ఒక్క పేరులో పోగుపడి ఉన్నది.

ఆ నష్టాన్ని పూడ్చే ప్రయత్నం ఈ ఊరికి ఎంతో దూరాన, అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో మొదలయింది. 1990ల తొలినాళ్ళలో రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు రిట్ అనే ఉపకరణాన్ని తయారు చేశారు. దానికి అనువుగా రోమను అక్షరాలలో తెలుగు రాసే పద్ధతికి ఆ విశ్వవిద్యాలయం పేరే నిలిచింది: రైస్ లిప్యంతరీకరణ పద్ధతి, పొట్టిగా ఆర్‌టీఎస్. చిన్న ‘టి’ నొక్కితే త, పెద్ద ‘టి’ నొక్కితే ట. చిన్న ‘ఈ’ అయితే ఎ, పెద్దదయితే ఏ. యూజ్‌నెట్ వార్తాసమూహంలో తెలుగు పద్యాల మీద వాదులాడుకొన్నవారు ఈ పద్ధతిలోనే రాసుకొన్నారు, అలాగే చదువుకొన్నారు. అచ్చులో చూడాలనుకొంటే రిట్ ద్వారా తెలుగుటెక్ ఖతులలోకి మార్చుకొనేవారు. అంటే తెరమీద యూనికోడు తెలుగు కనిపించడానికి చాలా ముందే, ఏ మీటకు ఏ అక్షరమో చెప్పే పట్టిక జనం చేతివేళ్ళకు అలవాటయి ఉన్నదన్న మాట.

జావాస్క్రిప్టు 1995లో నెట్‌స్కేప్ సంస్థలో పుట్టింది. బ్రెండన్ ఐక్ పది రోజులలో దాని తొలిరూపాన్ని రాశాడన్నది అందరూ చెప్పుకొనే మాట. ఫారములో పేరు నింపారా లేదా అని చూడడం, బొమ్మ మీదికి మౌసు వస్తే రంగు మార్చడం, తొలిరోజులలో దాని వ్యవహారం ఇంతే. అయితే 1997లో వెలువడిన దాని ప్రమాణంలో అక్షరమాలలను 16 బిట్ల సంకేతాల వరుసగా నిర్వచించారు. తెలుగుకు యూనికోడు 1991లోనే 128 గళ్ళ చోటు ఇచ్చింది. ఆ గళ్ళన్నీ 16 బిట్లలో హాయిగా ఇముడుతాయి. సి భాషలో తెలుగు అక్షరాలను ముక్కలు చేసి, లెక్క తప్పకుండా తిరిగి అతికించడానికి పడ్డ పాట్లు ఈ భాషలో పడనక్కరలేదు. మనకోసమని చేసినది కాదు గాని మనకు బాగా కలిసివచ్చింది.

ఈలోగా తెలుగు పత్రికలు జాలంలోకి వచ్చాయి. 1990ల చివర, 2000ల మొదట్లో ఈనాడు, వార్త వంటివి వాడినది యూనికోడు కాదు, డైనమిక్ ఖతులు. ఆంగ్ల అక్షరాలకు కేటాయించిన గళ్ళలో తెలుగు అక్షరపు ముక్కలను, తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు మరొకచోట కూర్చోబెట్టేవారు. పైగా ఒక్కొక్క పత్రికది ఒక్కొక్క అమరిక. పుటను తెరిస్తే తెలుగే కనిపిస్తుంది. దాని మూలసంకేతాన్ని తెరిచి చూస్తే యూరపు భాషల గుర్తులు గుంపుగా దర్శనమిస్తాయి. కాపీ చేసి వేరొకచోట అతికిస్తే చెత్త. వెదుకులాట యంత్రానికి అందులో ‘గోదావరి’ లేదు, ‘మేడారం’ లేదు.

వెన్న నాగార్జున గారు చేసిన పద్మ ఈ రెండు దారులూ కలిసిన చోటు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టినదీ ఆయనే. ఆర్‌టీఎస్‌లో రాసినదానిని యూనికోడులోకి మార్చే ఉపకరణంగా పద్మ ఆ వికీలో రాసేవారికి చేదోడయింది. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వెలువడిన తరువాత ఆ విహరిణికి పొడిగింతగానూ వచ్చింది. మొజిల్లా పొడిగింతలకు ప్రాణం జావాస్క్రిప్టే. పత్రిక పుట తెరమీదికి రాగానే పద్మ దాని ఖతిని గుర్తుపట్టి, ఆ ఖతికి చెందిన పట్టికను తీసి, గుర్తులను ఏరి, అక్షరాలను సరైన క్రమంలో పేర్చి, యూనికోడుగా మార్చి చూపేది. చెప్పినంత తేలిక కాదు. డైనమిక్ ఖతిలో ఏత్వం హల్లుకు ముందు రావచ్చు, వెనుక రావచ్చు. వత్తు ఎక్కడో చివర తగులుకొని ఉండవచ్చు. అచ్చులో కంటికి కనిపించే క్రమం నుండి నోటికి వినిపించే క్రమానికి తిరిగి రావాలి. ఒక్కొక్క ఖతికి ఇదంతా కూర్చుని రాయడమంటే ఎంత ఓపికో ఊహించుకోండి. ఆయన అది తీరిక వేళలలో చేసి, మూలసంకేతంతో సహా అందరి ఎదుట పెట్టారు. తరువాత పద్మ ఇతర భారతీయ భాషలకూ విస్తరించింది.

ఆ మూలసంకేతం అందరికీ అందుబాటులో ఉండడం వల్లనే లేఖిని సాధ్యపడింది. పద్మలోని లిప్యంతరీకరణ యంత్రాంగం ఆధారంగా వీవెన్ గారు 2006లో దానిని ఒక జాలపుటగా తయారుచేశారు. పై పెట్టెలో ఆంగ్ల అక్షరాలు, కింది పెట్టెలో తెలుగు. అంతే. దానిని మొదటిసారి తెరిచి తమ పేరు కొట్టి చూసుకోని బ్లాగరి ఆ రోజులలో అరుదు.

లేఖిని గొప్పతనం దాని అందంలో లేదు, దేనినీ స్థాపించనవసరం లేకపోవడంలో ఉంది. అప్పటికి తెలుగు రాయడానికి సాధనాలు లేవని కాదు. బరహ ఉంది. విండోస్ ఎక్స్‌పీలో 2001 నుండే గౌతమి ఖతీ, ఇన్‌స్క్రిప్ట్ అమరికా ఉన్నాయి. కాని ఎక్స్‌పీలో తెలుగును మేల్కొలపాలంటే కంట్రోల్ పానెల్‌లోకి వెళ్ళాలి, ఒక గడిలో టిక్కు పెట్టాలి, చాలాసార్లు విండోస్ సీడీ కూడా కావాలి. ఇంట్లో కంప్యూటరు ఉన్నవాడికి అది పది నిమిషాల పని. గంటకు ఇంత అని డబ్బు కట్టి కూర్చున్నవాడికి ఆ యంత్రంలో ఖతి వేసే అధికారం లేదు, సీడీ అడిగితే యజమాని మొహం చూడాలి. హైదరాబాదులో, వరంగల్లులో ఉన్నవారికి మరో నెట్ సెంటరు దొరకవచ్చు. ఏటూరునాగారం వంటి చోట ఉన్నది ఒకటే అయితే? ఇక్కడే జావాస్క్రిప్టు చేసిన మేలు తెలుస్తుంది. పుటతోపాటు ప్రోగ్రామూ వచ్చి ఎదుటి యంత్రంలోనే నడుస్తుంది. యజమానిని అడగనక్కరలేదు. పుటను ఫ్లాపీలో దాచుకొంటే నెట్టు తెగిపోయినా పనిచేస్తుంది. తెలుగు చూపగలిగిన విహరిణి ఉంటే చాలు, తెలుగు రాసే సాధనం దానంతట అదే నడిచి వస్తుంది.

ఇక పద్నాలుగు మీటల సంగతి. పెద్ద ‘ఈ’ నొక్కగానే పద్ధతి చూసేది ఒకటే: దీనికి ముందు హల్లు ఉన్నదా? లేదు కనుక ఇది అచ్చు, ‘ఏ’. పెద్ద ‘టి’ నొక్కితే ‘ట్’ అని పొల్లుతో పడుతుంది. వెనువెంటనే పెద్ద ‘యు’ నొక్కితే ఆ పొల్లును తొలగించి దీర్ఘపు కొమ్ము తగిలిస్తుంది, ‘టూ’ అవుతుంది. తరువాత ‘ఆర్’, ‘ర్’, ‘యు’, ‘రు’. ‘ఎన్’ కొడితే ‘న్’, ఒక ‘ఏ’ కొడితే పొల్లు మాయమై ‘న’, రెండవ ‘ఏ’తో దీర్ఘం. ఇలా తెరమీద పొల్లు మొలవడం, మాయమవడం చూస్తూ టైపు చేసిన అనుభవం మనలో చాలామందికి ఉన్నదే. హల్లులో అకారం దాగి ఉంటుందని చిన్నప్పుడు పంతులుగారు చెప్పినప్పుడు అర్థం కాని సంగతి ఈ పెట్టెలో కళ్ళకు కడుతుంది. లోపల ఉన్నదల్లా ఒక పట్టిక, అందులో సరిపోలే అతి పొడుగైన ముక్కను ఎంచుకోవాలన్న నియమం, ముందున్నది హల్లా అచ్చా అన్న జ్ఞాపకం.

ఈ ఊరి పేరులోనే ఇంకొక చిక్కు కూడా ఉంది. కొందరు ‘రు’లోని ఉకారాన్ని మింగి ‘ఏటూర్‌నాగారం’ అంటారు. అలాగే రాయబోతే ‘ర్’ వెళ్ళి ‘నా’తో కలిసి ‘ఏటూర్నాగారం’ అవుతుంది. రెంటినీ విడదీయడానికి కంటికి కనిపించని ఒక గుర్తు, జడ్‌డబ్ల్యూఎన్‌జే, పెట్టాలి. సంస్కృత పదాలకు దీని అవసరం తక్కువ. ఫైర్‌ఫాక్స్, వర్డ్‌ప్రెస్ వంటివి తెలుగులో రాసే మనవంటివారికి అడుగడుగునా కావాలి. ఒక్క కనిపించని గుర్తు కోసం పట్టికలో ఒక మీట కేటాయించినవారికి పరభాషా పదాలన్నీ ఋణపడి ఉన్నాయి.

రెండు పెట్టెలు ఎందుకు, రాసేచోటే తెలుగు పడవచ్చు కదా అని అడిగినవారు ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. అలా చేయాలంటే కర్సరు ఎక్కడున్నదో జావాస్క్రిప్టుకు తెలియాలి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో దానిని కనుక్కొనే పద్ధతి ఒకటి, ఫైర్‌ఫాక్స్‌లో మరొకటి. ఎక్స్‌ప్లోరరు 9వ కూర్పు (2011) వరకు ఈ రెండు కాపురాల బాధ తప్పలేదు. పేరా మధ్యలో ఒక అక్షరం దిద్దబోతే కర్సరు చివరికి ఉరకడం ఆనాటి ఒంటిపెట్టె ఉపకరణాలలో మామూలు జబ్బు. రెండు పెట్టెల పద్ధతికి ఆ జబ్బు అంటదు. జాన్ రెసిగ్ 2006 జనవరిలో ప్రకటించిన జేక్వెరీ గ్రంథాలయం విహరిణుల మధ్య ఉన్న ఇటువంటి భేదాలను చాలావరకు కప్పిపుచ్చింది గాని, కర్సరు సంగతి అప్పటికీ రాసేవాడి నెత్తినే ఉండిపోయింది. విహరిణుల లీలలు చెప్పుకొంటే తరగవు. పేరాను రెండు వైపులా సమానంగా సర్దమని చెబితే ఫైర్‌ఫాక్స్ 2 తెలుగు వత్తులను విడగొట్టి చూపేది. 2008లో 3వ కూర్పు వచ్చాక గాని ఆ వత్తులు తమ తమ హల్లుల కిందికి చేరలేదు.

లిప్యంతరీకరణ మీద గట్టి ఆక్షేపణ ఒకటి ఉంది; దానిని దాటవేయడం తగదు. తెలుగు రాయడానికి ఆంగ్ల అక్షరాల మీదుగా వెళ్ళడమేమిటి? 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ఆధ్వర్యంలో రూపొందిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ‘ఏటూరునాగారం’ సరిగ్గా 11 మీటలు. అందులో షిఫ్టు ఒక్కసారే, మొదటి ‘ఏ’ కోసం. ఆర్‌టీఎస్‌లో 14 మీటలు, నాలుగు షిఫ్టులు. లెక్క ప్రకారం ఇన్‌స్క్రిప్టే మేలు. తెలుగు మాధ్యమంలో చదివి, ఆంగ్ల మీటలపలక ఎరుగనివాడికి అది న్యాయం కూడా. అయినా జనం ఆర్‌టీఎస్ వెంటే పోయారు. మీటల మీద ముద్రించి ఉన్నది ఆంగ్లం కనుక. మొదటి వాక్యం మొదటి నిమిషంలోనే రాయగలిగారు కనుక. నా అభిప్రాయం అడిగితే, రోజూ పుటల కొద్దీ రాసేవారు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడమే మంచిది. కాని ఆ మొదటి నిమిషం లేకపోతే రోజూ రాసేవారు ఎక్కడి నుండి వస్తారు?

పట్టికను మార్చుకొనే వీలు కూడా చిన్న సంగతి కాదు. ఏటూరునాగారం చుట్టుపట్ల గూడేలలో వినిపించే కోయభాషను తెలుగు లిపిలో రాస్తారు. ఆ భాషలో గొంతులో పుట్టి గొంతులోనే ఆగిపోయే స్పర్శధ్వని ఒకటి ఉంది, తెలుగులో దానికి అక్షరం లేదు. ఏదో ఒక గుర్తు నిర్ణయించుకొంటే లిప్యంతరీకరణ పట్టికలో ఒక్క వరుస చేర్చడంతో పని అయిపోతుంది. కంపెనీ అమ్మే ఖతిలో, దాని మీటలపలకలో అటువంటి మార్పును ఎవరిని అడగాలి, ఎప్పటికి జరగాలి?

తరువాతి చరిత్రను వేగంగా చెప్పవచ్చు. వికీపీడియాలో దిద్దుబాటు పెట్టెలోనే తెలుగు పడే ఏర్పాటు జావాస్క్రిప్టుతోనే జరిగింది. మలయాళ వికీపీడియనైన జునైద్ రాసిన నారాయం అనే పొడిగింత 2011లో భారతీయ భాషల వికీలకు ఉమ్మడి సాధనమయింది. వికీమీడియా భాషా సాంకేతిక బృందం దానిని జేక్వెరీ.ఐఎంఈ అనే గ్రంథాలయంగా తిరగరాసింది. 2013లో అది వికీలన్నిటికీ అందింది. అందులో తెలుగుకు లిప్యంతరీకరణా ఉంది, ఇన్‌స్క్రిప్టూ ఉంది. గూగుల్ దారి వేరు. 2007 నుండి అది పట్టికను నమ్ముకోకుండా, మీరు రాయబోయే పదమేదో సర్వరు దగ్గర ఊహించి ఇచ్చేది. షిఫ్టు బాధ లేదు, నేర్చుకోవలసినదీ లేదు. జాలపుటలు చేసేవారు తమ పుటలలో వాడుకోవడానికి ఆ సేవను తెరిచి ఉంచి, 2011లో దానికి కాలం చెల్లిందని ప్రకటించింది. దానిని నమ్ముకొన్న పుటలు వేరే దారి చూసుకోవలసి వచ్చింది. ఫ్లాపీలో దాచుకొన్న పట్టికకు ఆ ప్రమాదం లేదు.

పద్మకు మాత్రం వేరే ప్రమాదం ఎదురయింది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాతకాలపు పొడిగింతల పద్ధతినే ఎత్తివేసింది. అప్పటికి పత్రికలు యూనికోడుకు మారుతున్నాయి కనుక ఆ నష్టాన్ని ఎక్కువమంది గమనించలేదు. కాని మారినవి కొత్త పుటలు. డైనమిక్ ఖతులలో వెలువడిన పాత పుటలు ఎవరి దగ్గరైనా, ఏ భాండాగారంలోనైనా మిగిలి ఉంటే, అవి ఈనాటికీ ఆ గుర్తుల గుంపుగానే ఉన్నాయి. ఆ సంవత్సరాలలో గోదావరికి వచ్చిన వరదలు, మేడారం జాతరలు, అడవి వార్తలు వాటిలో ఉన్నాయి. ఏటూరునాగారం అని వెదికితే మాత్రం ఒక్కటీ రాదు. వాటిని తిరిగి తెలుగు చేయగల పట్టికలు పద్మ మూలసంకేతంలో ఉన్నాయి. ఒక్కొక్క ఖతికి ఒక్కొక్క జావాస్క్రిప్టు దస్త్రం.