సుషీ అంటే ఏమిటి? ఆర్డర్ చేసే ముందు ఏం అడగాలి?

అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఉండేవాళ్లకు సుషీ ఇప్పుడు ఫోన్‌లో ఆర్డర్ ఇస్తే ఇంటికొచ్చే వంటకం. పిల్లలు తింటామంటారు, పెద్దలు 'పచ్చి చేపా? తౌబా!' అంటారు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న: హలాలేనా?

అన్నమే అసలు

చాలామంది అనుకున్నట్టు సుషీ అంటే పచ్చి చేప కాదు. సిర్కా, పంచదార, ఉప్పు కలిపిన అన్నం. దానికి చేప, గుడ్డు, కూరగాయ ఏది జత చేసినా సుషీయే. అన్నం లేకుండా పచ్చి చేప ముక్కలే వడ్డిస్తే దాని పేరు సాషిమి. కీరా ముక్కను అన్నంతో కలిపి, నోరి అనే సముద్రపు నాచు రేకులో చుట్టేది కప్పామకి. అందులో చేపే ఉండదు.

ఎలా మొదలైంది?

మొదట్లో ఇది చేపను నిల్వ చేసే పద్ధతి. ఉప్పు పట్టించిన చేపను అన్నంలో పెట్టి నెలల తరబడి పులియబెట్టేవారు. తర్వాత అన్నం పారేసి చేపను తినేవారు. జపాన్‌లోని బివా సరస్సు ప్రాంతంలో ఫునాజుషి పేరుతో ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది. తర్వాతి కాలంలో పులుపు కోసం సిర్కా కలపడం వచ్చింది. 1820ల్లో ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టిచ్చే నిగిరి వాడుకలోకి వచ్చింది. అప్పట్లో అది బండి దగ్గర నిలబడి తినే తిండి. 1958లో ఒసాకాలో ప్లేట్లు బెల్టు మీద తిరిగే హోటల్ మొదలయ్యాక మామూలు కుటుంబాలకూ అందింది. జపనీయుల ఇళ్లలో రోజూ ఉండేది అన్నం, మిసో సూప్, కూరలు. 2013లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరిన 'వాషోకు' ఆ మొత్తం భోజన సంప్రదాయం.

హలాల్ సంగతి

చేపకు జబీహా అవసరం లేదు. చూడాల్సింది మిగతావి.

మిరిన్, సాకే: వంటలో వాడే బియ్యపు మద్యాలు. మిరిన్‌లో దాదాపు 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది. కొందరు అన్నంలో కలుపుతారు, ఈల్ చేపకు పూసే తియ్యటి సాస్‌లో సాధారణంగా ఉంటుంది.

సోయా సాస్: పులియబెట్టేటప్పుడు కొద్దిగా ఆల్కహాల్ పుడుతుంది. హలాల్ ముద్ర ఉన్నవి దొరుకుతాయి.

రొయ్య, పీత: వీటిని తినడం మక్రూహ్ తహ్రీమీ అని హైదరాబాద్‌లోని జామియా నిజామియా 2018 జనవరిలో ఫత్వా ఇచ్చింది. రొయ్య విషయంలో వేరే అభిప్రాయం ఉన్న ఆలిమ్‌లూ ఉన్నారు. ఎవరి ఆలిమ్‌ను వాళ్లు అడగడం మంచిది.

క్రాబ్ స్టిక్: పేరు పీతదే, ఎక్కువగా చేప ముద్దతో చేస్తారు. మిరిన్, పీత రసం కలిసి ఉండొచ్చు.

చికెన్ ఉంటే జబీహాయేనా, పంది మాంసం కోసే కత్తి, చెక్క వేరుగా ఉన్నాయా అని కూడా అడగాలి.

ఆరోగ్యం

పచ్చి చేపలో పురుగులు ఉండే ప్రమాదం ఉంది. అవి చావాలంటే మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు గడ్డకట్టించాలి. ఇంట్లో ఫ్రిజ్‌ను దీనికి నమ్ముకోలేం. అందుకే మార్కెట్‌లో కూరకని కొన్న చేపను పచ్చిగా తినకూడదు. గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు పచ్చి చేపకు దూరంగా ఉండాలి.

పిల్లల ముచ్చట తీర్చాలంటే ఇంట్లోనే సిర్కా అన్నం, కీరా, ఆమ్లెట్‌తో చుట్టొచ్చు. బాస్మతి పనికిరాదు, ముద్ద నిలవదు. అంటుకునే పొట్టి బియ్యం కావాలి.