హర్రానియా గ్రామపు నేత చిత్రములు

పురాణకాలక్షేపమునకు మన ఇండ్లలో పరచు జంబుఖానాను మీరందరును ఎరుగుదురు. దానిపై ఏ చార ఎచ్చట రావలెనో పడుగు వేయకమునుపే నిర్ణయమై యుండును; నేతగాని చేయి ఆ నిర్ణయమును తప్పక నడచును. చిన్నతనమున సాలెవీధిలో ఎన్నో పూటలు కూర్చుండి చూచినవాడను గనుక, నేత యనగా ఇంతియే యని నేను చిరకాలము తలచితిని. ఆ తలంపును మార్చినది ఈజిప్టు దేశపు ఒక పల్లె చరిత్రము.

నైలునదికి పడమట, గీజా పిరమిడ్లకు కొంత దక్షిణముగా హర్రానియా యను గ్రామము గలదు. 1911లో జన్మించిన రమ్సీస్ విస్సా వాసెఫ్ అను వాస్తుశిల్పి, సృజనశక్తి ప్రతి బిడ్డయందును పుట్టుకతోనే యుండునని నమ్మెను. 1940ల తొలివత్సరములలో పాత కైరోలోని ఒక పాఠశాల పిల్లలకు నేత నేర్పి ఆ నమ్మకమును పరీక్షించెను. 1952 ప్రాంతమున, భార్య సోఫీతో కూడ, హర్రానియాలో పచ్చియిటుకలతో గుమ్మటముల శాలలు కట్టించి, ఊరి రైతుబిడ్డలను మగ్గముల యొద్ద కూర్చుండబెట్టెను.

ఆయన పెట్టిన నియమములు మూడే. కాగితముపై ముందుగా బొమ్మ గీయరాదు. ఇతరుల చిత్రములను చూచి అనుకరింపరాదు. పెద్దలెవ్వరును తప్పులెన్నరాదు. ఈ మూడవది మనబోటివారికి ఎంత కష్టమో చెప్పనక్కరలేదు!

నిలువుమగ్గముపై చిత్రము క్రిందినుండి పైకి పెరుగును. నేసిన భాగము క్రింది కొయ్యకు చుట్టుకొనిపోవును గనుక, ముందు వేసిన చెట్టు మొదలు ఎటులున్నదో నేయువారికి కనబడదు, మనస్సున నిలుపుకొనవలసినదే. కాలువగట్లు, ఖర్జూరవృక్షములు, పావురముల గోపురములు, చేలలో వ్రాలిన తెల్లకొంగలు, గాడిదపై సంతకు పోవు రైతు, ఇవన్నియు ఆ పిల్లలు నిత్యము చూచునవి. అవియే గోడలకు వ్రేలాడదీయు ఉన్ని చిత్రములైనవి. రంగులును ఆ నేలనుండియే వచ్చెను. శాలల ప్రక్కనే రంగుమొక్కలు పెంచిరి. మన మంజిష్ఠకు చుట్టమైన యొక వేరు ఎరుపునిచ్చును. రెసీడా యను మొక్క పసుపునిచ్చును. నీలిమొక్క సంగతి మనకు చెప్పనేల? పసుపు ఉన్నిని నీలిలో ముంచినచో చేలపచ్చ సిద్ధించును.

పసిపిల్లలచే పని చేయించుట న్యాయమా యని మీలో కొందరడుగుదురు. నేనును అడిగితిని. ఇతరులు వేసిన నమూనాకు బందీలై బాలురు ముళ్లు వేసిన తివాచీ శాలలు లోకమున అనేకము గలవు, వానిని మెచ్చజాలను. హర్రానియాలో పిల్లలకు ప్రతిఫలము ముట్టెను, తొందరపెట్టువాడు లేడు, చిత్రము వారిదే. ఐనను నా శంక పూర్తిగా తీరలేదు. దానిని కొంత తగ్గించినది ఒక్కటే: ఆ తొలి పిల్లలలో పలువురు పెరిగి పెద్దవారై, అర్ధశతాబ్దము దాటినను మగ్గమును విడువలేదు.

వాసెఫ్ 1974లో గతించెను. ఆయన కట్టిన శాలలకు 1983లో ఆగాఖాన్ వాస్తు పురస్కారము లభించెను. ఆయన కుమార్తెలు ఆ పనిని సాగించిరి. కాని కైరో మహానగరము పెరిగి పెరిగి ఆ పొలములపైకి వచ్చినది. పిల్లలు నేసిన చేలలో చాలవరకు నేడు ఇండ్లు లేచినవి. ఆ చేల పచ్చదనము ఇప్పుడు ఉన్నిలో నిలిచి, ఎవరి యింటి గోడలకో వ్రేలాడుచున్నది.