దృశ్యం నుండి రాశికి: గణితపద్యాలలో భిన్న సమీకరణాలు - పాఠనిర్ణయం

తెలుగులో తొలి గణితశాస్త్ర గ్రంథంగా పేర్కొనే పావులూరి మల్లన ‘సారసంగ్రహ గణితము’నకు మూలం మహావీరాచార్యుని ‘గణితసారసంగ్రహం’. రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దిలో, వెలువడిన ఈ సంస్కృత గ్రంథాన్ని ఎం.రంగాచార్యులు ఆంగ్లానువాదంతో 1912లో మద్రాసు నుండి ప్రకటించారు. మల్లన కాలనిర్ణయాన్ని గురించి సాహిత్యచరిత్రకారులు విస్తృతంగా చర్చించారు. గణితపద్యాల పాఠనిర్ణయంలో ఛందస్సు, అర్థాలతోపాటు లెక్కకూ ప్రమాణస్థానం ఉందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మహావీరుని ప్రకీర్ణక వ్యవహారంలో కనుగొనవలసిన మొత్తం ‘రాశి’. దాని నుండి చెప్పిన భాగాలు తొలగించగా కనిపించే సంఖ్య ‘దృశ్యం’. నేటి బీజగణితంలో తెలియని రాశికి ఒక అక్షరాన్ని సంకేతంగా ఉంచుతాం. ఇక్కడ రాశిని ఒకటిగా భావించి, దృశ్యం అందులో ఎన్నో వంతో నిర్ణయిస్తారు. భాగాలన్నీ మొత్తం రాశికి సంబంధించినవైతే అది భాగజాతి. మొదటి భాగం తీసిన తరువాత ప్రతి భాగాన్నీ మిగిలినదాని నుండి తీస్తే అది శేషజాతి.

ఈ భేదాన్ని వివరించడానికి ఒక లెక్కను కల్పించుకుందాం. కొన్ని పూలలో మూడోవంతు ఒక గుడికి, నాలుగోవంతు మరొక గుడికి ఇవ్వగా పది మిగిలాయి. మొత్తం పూలు ఎన్ని?

ఇది భాగజాతి. 3, 4 అనే హారాలకు కనిష్ఠ సామాన్య గుణిజం 12. మహావీరుని పరిభాషలో ఇది ‘నిరుద్ధం’. భాగాల మొత్తం 4/12 + 3/12 = 7/12. ఒకటి నుండి దీన్ని తీసివేస్తే 5/12. దృశ్యమైన పదిని 5/12తో భాగిస్తే 24. నేటి పద్ధతిలో రాశిని ‘రా’ అనుకుంటే రా − రా/3 − రా/4 = 10. ఇరువైపులా 12తో గుణిస్తే 12రా − 4రా − 3రా = 120; అంటే 5రా = 120, రా = 24. సరిచూస్తే 8 + 6 + 10 = 24.

‘నాలుగోవంతు’ అన్నచోట ‘శేషంలో నాలుగోవంతు’ అని ఉంటే లెక్క శేషజాతికి మారుతుంది. 2/3 × 3/4 = 1/2; పదిని 1/2తో భాగిస్తే 20. అయితే ఇరవై పూలలో మూడోవంతు ఆరు పూలూ, మరొక పూవులో మూడింట రెండు వంతులూ అవుతుంది. పూలను అలా పంచలేము. కనుక ఈ లెక్కకు రెండు పాఠాలు లభిస్తే ‘శేష’ శబ్దం లేని పాఠమే గ్రాహ్యం.

యతిప్రాసలు చెడకుండానే లేఖకుని చేతిలో ఒక పదం మారిపోవచ్చు. అలాంటప్పుడు ఛందస్సు పట్టుకోలేని దోషాన్ని లెక్క పట్టుకోగలదు. అయితే ఈ ప్రమాణం సార్వత్రికం కాదు. బంగారం, ధాన్యం వంటివాటిని ఎన్ని భాగాలైనా చేయవచ్చు కనుక అక్కడ భిన్నం రావడం దోషం కాదు. అలాంటి సందర్భాలలో ఇతర ప్రతుల సాక్ష్యమే శరణ్యం. మొత్తం మీద గణితపద్యాన్ని పరిష్కరించేవారు, పద్యం చెప్పిన లెక్కను చివరిదాకా చేసి చూసిన తరువాతనే పాఠాన్ని నిర్ణయించడం సమంజసం.