పెట్ట పేరు ఎవరూ చెప్పరు

మంట దగ్గరకి జరగండర్రా, మంచు దిగుతోంది. రేపు భోగి కదా, పొద్దుట్నుంచీ మీ నోట కోడిపందేల బరుల మాటే. ఎవరి డేగ ఎంత పలికింది, ఎవరి నెమలి ఎక్కడ గెలిచింది అని. నేనూ కోళ్ళ సంగతే చెప్తాను గానీ, బరిలో సంగతి కాదు, మన పెరట్లో సంగతి.

మీ తాతయ్య రోజుల్లో మన అరుగు మీద రోజూ రంగుల పంచాయితీ నడిచేది. ఒళ్ళంతా ఎర్రనైతే డేగ, నల్లనైతే కాకి, తెల్లనైతే సేతు. అంతవరకూ ఎవరైనా చెప్తారు. మెడ మీద నల్ల ఈకలుంటే సవల. అక్కడే నలుపూ తెలుపూ కలిస్తే పర్ల. వీపు మీదా రెక్కల మీదా పసుపు దిగితే నెమలి. నలుపు, ఎరుపు, పసుపు మూడూ ఉంటే కౌజు. ఎరుపులో బూడిద కలిస్తే మైల. ఒక్కో ఈకలోనే మూడు రంగులు కనిపిస్తే పూల. ఇంక కాకిడేగ, పచ్చకాకి, ఎర్రబోర అని చీలికలు. ఏ వారం ఏ జాములో ఏ రంగుది పైచేయో కుక్కుట శాస్త్రంలో ఉందని పుస్తకం తీసి వాదించుకునేవారు. వాళ్ళ మాటలన్నీ పుంజుల మీదే. పెట్టల సంగతి మా అత్తగారిది, ఆవిడ తరవాత నాది.

మా అత్తగారికీ రంగు మీద మక్కువే. కాకపోతే పిల్ల బొచ్చు చూసి రంగు చెప్పనిచ్చేది కాదు. జాతి కోడి నిదానంగా ఎదుగుతుంది, పెట్ట గుడ్డుకి రావడానికే ఏడెనిమిది నెలలు పడుతుంది. ఆ బొచ్చు రాలి, అసలు ఈక దిగాక గానీ రంగు తేలదు. ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. డేగ పుంజుని బూడిద వన్నె పెట్ట మీద వేస్తే, ఆ బూడిద వన్నె కొడుకులకి వస్తుంది, కూతుళ్ళు తండ్రి ఎరుపు పట్టుకుంటారు. పశువుల డాక్టరు చదివే మన పెద్దమ్మాయిని అడిగితే, ఆ రంగు గుణాన్ని పెట్ట కొడుకులకే ఇవ్వగలదు, కూతుళ్ళకి ఇవ్వలేదు అని చెప్పింది. బడి ముఖం చూడని మనిషి దాన్ని గంపల దగ్గర కూచుని చూసి తెలుసుకుంది.

అయినా రంగు కోసం గుణాన్ని ఏనాడూ వదులుకోలేదు ఆవిడ. పొదుగుతున్న పెట్ట కింద చెయ్యి పెడితే పొడవకుండా ఒళ్ళు ఎత్తి చోటిచ్చేదాన్ని ఉంచుకునేది. మేతకి దిగి, గుడ్లు చల్లబడేలోగా గంపెక్కేదాన్ని ఉంచుకునేది. జాతి పెట్ట బరువైంది, ధబాలున దూకితే గుడ్లు చితుకుతాయి. అందుకని కాలు ఎలా వేస్తోందో చూసేది. పక్క తల్లి పిల్లల్ని పొడిచి చంపే పెట్ట ఎంత చక్కని రంగైనా దాని గుడ్లు పొదగెయ్యనిచ్చేది కాదు. గద్ద నీడ పడగానే రెక్కలు విప్పి పిల్లల్ని కప్పి, అలాగే ఎదురు తిరిగే పెట్ట ఉందనుకోండి, దాని కూతురి కోసం పై ఊరి చుట్టాలు కూడా చెప్పి ఉంచేవారు.

పుంజుకీ పరీక్ష ఉండేది. జాతి పుంజు సాటి పుంజుని చూస్తే ఆగదు. అది దాని పుట్టుక. పిల్లలుగా ఉన్నప్పుడే కొట్టుకోవడం మొదలెడతాయి, విడదీసి గంపల కింద పెట్టాల్సిందే. మనిషి దగ్గర మాత్రం పసిబిడ్డలా ఒదిగి ఉండాలి. చంటిపిల్లల మీదకి ఎగిరిన పుంజు ఎంతటి వన్నెదైనా కూరకే పోయేది. అలా తరాల తరబడి ఏరబట్టే, ఇంత కోపమున్న పక్షి మీ చేతిలో కదలకుండా కూచుంటోంది.

నేను కాపరానికొస్తూ మా అమ్మ పెట్ట కూతుర్ని గంపలో తెచ్చుకున్నాను. అప్పట్లో చాలా ఇళ్ళలో అలాగే, ఆడపిల్లతో పాటు పెట్ట పిల్ల కూడా వెళ్ళేది. పుంజుని మార్చేవారు గానీ పెట్టల వరస తెగనిచ్చేవారు కాదు. ఒక తల్లి పిల్లల్ని వాటిలో వాటికి కట్టకూడదని పై ఊరి పుంజుని తెచ్చేవారు. మిగిలిన పెట్టల్ని పాలికిచ్చేవారు. అంటే పెట్ట మనది, మేపడం వాళ్ళది, పిల్లలు చెరిసగం. ఆ పద్ధతి ఎంత మేలు చేసిందో కొక్కెర తెగులు వచ్చినప్పుడు తెలిసేది. ఎండాకాలంలో అది తగిలిందంటే తెల్లారేసరికి గంపల కింద కోళ్ళు మెడలు వాల్చేసేవి, ఊరు ఊరంతా ఖాళీ అయ్యేది. అప్పుడు పాలికి వెళ్ళిన ఊరి నుంచి ఒక కూతుర్ని తెచ్చుకుంటే మన వరస మళ్ళీ నిలబడేది. ఇప్పుడైతే దానికి మందుంది. మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో ఓ చుక్క, రెండు నెలలకి సూది. వేయించకుండా ఉండకండి.

కత్తి కట్టడం నాకు ముందునుంచీ గిట్టదు. మూగజీవాల్ని హింసించకూడదనే 1960 చట్టం ప్రకారం పందెం తప్పే. నా బాధ ఇంకొకటి కూడా ఉంది. కత్తి పందెం క్షణాల్లో తేలిపోతుంది. ఓర్పుకీ ఒద్దికకీ అక్కడ విలువ లేదు, కాలి విసురు ఉంటే చాలు. అందుకే ఇప్పుడు ఎక్కడి పెరూ దేశపు పుంజుల్నో తెచ్చి కలుపుతున్నారు. అరవదేశంలో దిండిగల్ వైపు చిలకముక్కు, పొడుగు తోక జాతి కోళ్ళకి అందాల పోటీలు పెడతారట. రక్తం లేకుండా కోడిని చూసి మురవడం అంటే అదీ. మన దగ్గరా రావాలి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో కేంద్ర ప్రభుత్వం వాళ్ళ కోళ్ళ పరిశోధన సంస్థ ఉంది, అక్కడ మన జాతి కోడిని, అదే వాళ్ళు అసిల్ అనేదాన్ని, కాపాడుతున్నారని పెద్దమ్మాయి చెప్పింది. మంచిదే. కానీ పెరట్లో పెరిగే గుణాన్ని పెరట్లోనే ఏరుకోవాలి.

పల్నాటి కథలో బ్రహ్మనాయుడి పుంజు పేరు చిట్టిమల్లు అని పిల్లాడైనా చెప్తాడు. దాన్ని పొదిగిన పెట్టకి పేరే లేదు. ఇవాళ్టి సంతలోనూ అదే తీరు. పుంజుకి లక్షలు పోస్తారు, తల్లి ఎవరో అడగరు. జాతి పెట్ట ఏడాదికి పెట్టేది నాలుగైదు పదుల గుడ్లు, ఫారం కోడి 300 దాకా పెడుతుంది. లెక్క చూసుకుని జాతి పెట్టని తీసేస్తున్నారు. దాంతో పాటే పొదగడం, పిల్లల్ని సాకడం తెలిసిన వరసలూ పోతున్నాయి.

ఒరే చిన్నోడా, నువ్వు కోళ్ళు పెంచుతానంటున్నావుగా. ముందు పుంజు కోసం తిరక్కు. పొదుగు మీదున్న పెట్టని చూపించమను, దాని కింద చెయ్యి పెట్టి చూడు. ఎలా ఉందో చూశాక దాని కూతుర్ని అడిగి తెచ్చుకో.