తొట్టి రాయిదా, రాగిదా?

కొత్త ఇల్లు కట్టేటప్పుడు మగవారు వాస్తు చూస్తే ఆడవారు నీళ్ళ వసతి చూస్తారు. ఇప్పుడు దానికి తోడు బాత్‌టబ్బొకటి! ఎనామిల్ పూసిన పోత ఇనుమా, ఫైబర్‌గ్లాసా, ఆక్రిలిక్కా అని షాపువాడు అడుగుతాడు. స్నానానికి ఏది మేలన్న ఈ ప్రశ్న మన పల్నాడుకి కొత్తేమీ కాదు సుమండీ!

నాగార్జునకొండ లోయలో మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. అక్కడ కృష్ణ ఒడ్డున స్నానఘట్టానికి పరిచింది ఇక్కడి సున్నపురాయినే. లోయ సాగర్ జలాశయంలో మునిగిపోతుందని, తవ్వకాల్లో బయటపడిన ఆ ఘట్టాన్ని తెచ్చి కొండమీద మళ్ళీ పేర్చారు. శాంతమూలుని సోదరి శాంతిశ్రీ మహాచైత్యానికి చేసిన దానాలు శాసనాలకెక్కాయి. నీళ్ళు మోసినవాళ్ళ పేర్లు రాతికెక్కవు కదా!

ఆ జాతి రాయే పలకలుగా తీస్తే నాపరాయి. పిడుగురాళ్ళ బట్టీల్లో కాలిస్తే సున్నం. మట్టితో కలిపి కాల్చి పొడి చేస్తే సిమెంటు. మాచర్లలో 1958 నుంచీ ఆ పని జరుగుతోంది. అంటే పెరట్లో రాతితొట్టీ, సిమెంటు గాబూ ఒక తల్లి బిడ్డలే.

రాగి సంగతి వేరు. వేడిని చప్పున అందుకుంటుంది కనక పొయ్యి మీదకి రాగికాగే తగినది. అయితే చింతపండుతో తోమితే గాని మెరవదు. అదే చింతపండు నాపరాయికి తగిలిందో, పులుపుకి నునుపు చెడి మచ్చలు పడతాయి. యాసిడ్ పోసినా అంతే. ఎనామిల్ పెచ్చు లేస్తే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. ఆక్రిలిక్ తేలిక, తుడిస్తే చాలు. ఇటికపొడి వేసి రుద్దారా, గీతలే.

ఇంతకీ మనవాళ్ళు తొట్టిలో కూర్చోలేదు, చెంబుతో ముంచి పోసుకున్నారు. మెట్టసీమలో అది పద్ధతీ, పొదుపూ కూడా. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకి నీళ్ళు వదిలాక పొలాలు తడిశాయి గాని, చాలా ఊళ్ళలో బిందె ఆడవాళ్ళ నెత్తి దిగలేదు. మామూలు బాత్‌టబ్బు నిండాలంటే దాదాపు 150 లీటర్లు కావాలి. 15 లీటర్ల బిందెలైతే పది!

అందుకని, ఏ తొట్టి కొనాలా అని తర్జనభర్జన పడేముందు, దాన్ని నింపేదెవరో, తోమేదెవరో ఇంట్లో ఒకసారి అడిగి చూడండి. సగం బేరం అక్కడే తేలిపోతుంది.