గడికి మూడు ఫోటోలు

1086లో ఇంగ్లండు రాజు విలియం తన రాజ్యంలో ఎవరి కింద ఎంత భూమి ఉందో, ఎన్ని నాగళ్లు నడుస్తున్నాయో లెక్క రాయించాడు. దాన్నే డూమ్స్‌డే బుక్ అంటారు. తొమ్మిది వందల ఏళ్లు నిండే వేళకు అలాంటి లెక్కే బ్రిటన్ అంతటా తీయించాలని బీబీసీ పూనుకుంది. ఈసారి కరణీకం బడిపిల్లల చేతికొచ్చింది.

దేశాన్ని 4 కిలోమీటర్లకు 3 కిలోమీటర్ల చొప్పున గళ్లుగా విడదీసి వేల బడులకు పంచారు. మరో వెయ్యేళ్ల తర్వాతివాళ్లు ఏం తెలుసుకోవాలనుకుంటారో ఊహించి రాయమన్నారు. పిల్లలు తమ గడిలో ఏమేం ఉన్నాయో, జనం ఎలా బతుకుతున్నారో కనుక్కొని బీబీసీ మైక్రో కంప్యూటర్లలో ఎక్కించారు. రాతకు పేజీలు బాగానే ఇచ్చారు కానీ, ఫోటోలు మాత్రం మూడు దాటకూడదు.

అసలు పాఠం ఆ షరతులోనే ఉంది. చర్చిని తీయాలా, సంత వీధినా, మూతపడబోయే ఫ్యాక్టరీనా? ఒకటి ఎంచుకుంటే ఇంకొకటి వదులుకోవాలి, ఎందుకు వదిలారో క్లాసులో వాదించాలి. గడిని మ్యాపులో పట్టుకుంటే భూగోళం, దుకాణాలు లెక్కపెడితే గణితం, పెద్దవాళ్లను కదిలిస్తే చరిత్ర. ఏ పీరియడ్ ఎక్కడ ముగిసిందో చెప్పడం కష్టమే!

పది లక్షల మందికి పైగా చేయి వేసిన ఆ పని 1986లో రెండు పెద్ద లేజర్ డిస్కులుగా బయటికొచ్చింది. తెర మీద దేశపటం, అందులో జిల్లా, అందులో ఊరు... నొక్కుకుంటూ పోతే పిల్లలు తీసిన ఫోటో వచ్చేది. అప్పటికది వింతే. కానీ కంప్యూటరు, ప్లేయరు కలిపి దాదాపు 5 వేల పౌండ్లు. చాలా బడులు కొనలేకపోయాయి. వండిన చేతులకే వడ్డన లేదన్నమాట.

ప్లేయర్లు మార్కెట్లో కనుమరుగయ్యాక డిస్కులు చదివే దిక్కు లేకుండా పోయింది. పైగా వాటిలో రాత డిజిటల్ అయినా ఫోటోలు మాత్రం టీవీ బొమ్మల్లా అనలాగ్ ఫ్రేములే. 2002 నాటికి లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాలవాళ్లు పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. 2011లో పిల్లలు రాసిన డిస్కును బీబీసీ వెబ్‌లో పెట్టి, అవే చోట్ల కొత్త ఫోటోలు తీసి పంపమని జనాన్ని అడిగింది. ఆ సైటు 2018లో మూతపడింది. దాని ప్రతిని బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ భద్రపరిచింది.